పక్క గల్లీలో తెరుచుకోని సైటు

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహావీరుడి చరిత్ర. ఇందులో కోట ఉంది. కోటకు కాపలా ఉంది. కోట తలుపులు మూసుకుపోయి ప్రజలు బయట నిలబడి గగ్గోలు పెట్టడం ఉంది. ఒక ఆడమనిషి బతుకు ఆ తలుపుల మీదే ఆధారపడి ఉండడం కూడా ఉంది. పర్వాలుగా విడగొట్టి రాయాల్సినంత సరుకు.

కానీ కాదు. కోట అంటే మా అక్క జాకెట్ల వెబ్‌సైటు. ప్రజలంటే ఎల్బీనగర్ దాటాక మన్సూరాబాద్ వైపు ఉన్న మా కాలనీ ఆడవాళ్లు. వీరుడంటే ఆ సైటు తయారు చేసిన సార్. పైగా వీరుడు ఇంకా బతికే ఉన్నాడు. ఇది కావ్యానికి పెద్ద దెబ్బ.

బతికే ఉన్నాడని నాకు తెలిసింది కూడా పోయిన వారమే. కాలనీ గ్రూపులో ఆయన ఫోటో ఒకటి వచ్చింది. మెడలో బంతిపూల దండ, ముఖంలో ఎన్నడూ చూడని ప్రశాంతత. కింద ఒక్క ముక్క రాసి లేదు. దండ వేసిన ఫోటో కింద ఏం పెట్టాలో మా కాలనీకి ఎవరూ నేర్పక్కర్లేదు. చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. ఎవరో ‘మంచి మనిషి’ అని రాశారు. ‘ఓం శాంతి’ అని నేనూ పెట్టాను. పెట్టి ఊరుకోకుండా, ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. మొదటి మంచి మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. అంతలో ఆయనే గ్రూపులో ప్రత్యక్షమై, ‘అందరికి ధన్యవాదాలు, మీ ఆశీస్సులు ఎప్పటికి ఇట్లనే ఉండాలె’ అని రాశాడు. ఇల్లు మార్చి సూర్యాపేట పోయాడు కదా, అక్కడేదో కమిటీ వాళ్లు శాలువా కప్పి దండ వేశారట. తన ఆత్మకు శాంతి కలగాలని అంతమంది కోరుకున్న సంగతి ఆయన చదవనే లేదు.

చదవకపోవడం ఆయనకు కొత్త కాదు. ఆయన వృత్తి మొత్తం దాని మీదే నడిచింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల గల్లీ ఒకటి ఉంది. అక్కడ గోడ కనిపించదు, గోడంతా ఫ్లెక్సీలే. ఆ గల్లీలో గాజుల దుకాణం ఉన్న బిల్డింగులో రెండో అంతస్తు ఆయన ఆఫీసు. ఆఫీసు అంటే ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక ఏసీ రిమోటు. ఏసీ లేదు. ఆ కింది అంతస్తులోనే నేను అప్పట్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు నేర్చుకునేవాడిని. నేర్చుకున్నానో లేదో ఇంతవరకూ ఏ కంపెనీ టెస్ట్ చేయలేదు. క్లాసుకి మా ఫ్యాకల్టీ రానప్పుడల్లా నేను పైకి పోయి ఆయన దగ్గర కూర్చునేవాడిని. అంటే దాదాపు రోజూ.

ఆయన మెడలో ఎప్పుడూ ఒక ఐడీ కార్డు వేలాడేది. కంపెనీ ఆయనదే. ఎండీ ఆయనే, ఉద్యోగి ఆయనే. కార్డు అడిగే వాచ్‌మన్ కూడా లేడు. అయినా పాల ప్యాకెట్ కోసం కిందికి దిగినా కార్డు వేసుకునే దిగేవాడు. ఒకసారి అడిగాను.

“సార్, మీ ఆఫీసులకు మీరే పోనీకి కార్డెందుకు?”

“తమ్మీ, మనిషికి ఒక గుర్తింపు ఉండాలె.”

“పాలాయన గుర్తుపడతడు కద సార్.”

“పాలాయన నన్ను గుర్తుపడతడు. కంపెనీని గుర్తుపడతడా?”

ఇట్లాంటి జవాబులకి మళ్లీ ప్రశ్న ఉండదు. ఆయన జవాబులన్నీ ఇట్లాంటివే.

ఆయన తయారుచేసిన సైట్లు చూడ్డానికి బాగానే ఉండేవి. వచ్చిన చిక్కల్లా చూడాలనుకున్న వాళ్లలో కొందరికే కనిపించేవి. ఎవరైనా కస్టమర్ ఫోన్ చేసి, “సార్, కొంతమందికి పేజీ ఓపెన్ ఐతలేదంట” అనగానే ఆయన చేసే పని ఒకటే. జేబులోంచి తన ఫోను తీసి, కిటికీ దగ్గరికి పోయి, చెయ్యి పైకెత్తి, సైటు తెరిచి, చుట్టూ ఉన్నవాళ్లకి చూపించేవాడు. చుట్టూ ఉన్నది నేనొక్కడినే.

“మన దాంట్ల ఒస్తుంది గద!”

అంతే, కేసు అయిపోయింది. పేజీ నిర్దోషి. ఇక దోషి ఎవరో తేల్చాలి. విచారణ సందర్శకుడి మీద మొదలయ్యేది. ఆయన పేజీని ఎన్నడూ పరీక్షించలేదు, మనిషినే పరీక్షించేవాడు. “మీరు ఏ ఏరియా? ఎన్నో అంతస్తుల ఉంటరు? ఫోనుకు కవరున్నదా? ఉన్నదా! అది తీసి చూడండి ఒకసారి.” ఫోను కవరు తీస్తే వెబ్‌సైటు వస్తుందన్న సిద్ధాంతం ప్రపంచంలో ఆయన ఒక్కడిదే. ఫోను కడుపులో వేడి పెరిగి పేజీకి ఊపిరాడదట. కవరు తీశాక కూడా రాకపోతే ఫోను ఆపి వెయ్యమనేవాడు. ఆపి వేశాక కూడా రాకపోతే, “జర ఓపిక పట్టాలె సార్, మీది కొత్త సైటు, ఇంకా ఇంటర్నెట్టుకు అలవాటు కాలె” అనేవాడు. ఆ మాట మీద ఒక వారం గడిచిపోయేది.

ఒకరోజు ఒక కోచింగ్ సెంటర్ యజమాని మెట్లెక్కి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. చెమటలు కక్కుతున్నాడు.

“ఏవండీ, మా పిల్లల్లో సగం మందికి మోడల్ పేపర్ల పేజీ తెరుచుకోవటం లేదండీ. ఏదో వస్తంది, ఇంగ్లీషులో.”

“ఏమొస్తుంది?”

“ఇదిగో, ఫోటో తీయించుకొచ్చా. మీరే చదవండి.”

సార్ ఆ ఫోటో వైపు చూడకుండానే ఫోనును బోర్లా పెట్టేశాడు, శకునం బాగా లేనట్టు.

“సగం మందికి ఒస్తుంది గద?”

“వస్తంది.”

“ఆ ఒచ్చెటోళ్లు మంచిగ చదివెటోళ్లే ఉంటరు. రానోళ్లు ఎవరో చూడండి ఒకసారి. పేజీ మీద పెట్టి ఎగ్గొడుతున్నరు.”

ఆ యజమాని కాసేపు ఆలోచించాడు. ఆలోచించిన కొద్దీ ఆయనకది నిజమే అనిపించింది. గట్టిగా తల ఊపి కిందికి దిగిపోయాడు. ఆ సాయంత్రం ఎంతమంది పిల్లలు దెబ్బలు తిన్నారో నాకు తెలియదు. నేను మాత్రం అడిగాను.

“ఎర్రర్ చదవొచ్చు కద సార్. ఎందుకొస్తలేదో అండ్లనే రాసి ఉంటది.”

“ఎర్రర్ చదివితే మనసు కరాబైతది తమ్మీ. రోగి తన రిపోర్టు తను చదువుకుంటడా?”

“మీరు డాక్టరు కద సార్.”

“డాక్టరు సుత మొదలు మొఖం చూస్తడు.”

ఇట్లాంటి మనిషి చేతిలో మా అక్క తన దసరా సీజన్ పెట్టింది.

అక్కది మగ్గం వర్కు. చెక్క ఫ్రేముకు జాకెట్టు గుడ్డ బిగించి, జరీ, పూసలు, కుందన్లు పెట్టి నెమళ్లు, ఏనుగులు, పల్లకీలు కుడుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షోరూములో వెనక గదిలో కూర్చుని అదే పని చాలా ఏళ్లు చేసింది. అక్క కుట్టిన నెమలి ముందు గదిలో అద్దాల వెనక బొమ్మ మీద నిలబడేది. ఎవరైనా మెచ్చుకుంటే ఓనరు కూతురు ‘నా డిజైనే’ అని నవ్వేది. వెనక గదిలో అక్కకు పేరు లేదు. సేల్స్ పిల్లలు గుమ్మంలోంచి, “ఏయ్ వర్కూ, గీ బార్డర్ అర్జెంటు” అని అరిచేవాళ్లు. ఆ పిలుపు అక్కకు ఎక్కడో గుచ్చుకుంది. శ్రావణంలో పని మానేసి, అక్కాబావలతో నేనూ ఉండే ఇంటి ముందుగదిలో సొంత మగ్గం వేసుకుంది.

షోరూము ఓనరు మేడం మంచిదే. “దసరా దాకా నీ జాగ ఎవరికియ్య. తర్వాత నీ ఇష్టం” అంది. బావ పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక గోడౌనులో సూపర్‌వైజరు. మాటలు పొదుపుగా వాడతాడు. ఆయన కూడా అదే గడువు పెట్టాడు. “దసరా దాకా చూద్దాం. ఆర్డర్లు ఒచ్చినయా, సంతోషం. రాలేదా, సప్పుడు చేయక పాత జాగకు పోవాలె.” అక్క సరే అంది. అంటే లెక్క తేలిక. దసరాలోపు జనం వస్తే అక్కకు పేరుంటుంది. రాకపోతే మళ్లీ ‘ఏయ్ వర్కూ’.

జనం రావడానికి వెబ్‌సైటు కావాలన్నది ఎవరి ఆలోచన అంటే, సార్‌దే. అప్పట్లో ఆయన ఇల్లు మా వెనక గల్లీలోనే. ఒకరోజు పాలకు పోతూ కార్డుతో సహా మా గుమ్మంలోకి వచ్చి, మగ్గం మీద సగం అయిన నెమలిని చూసి, “చెల్లె, గిది ఇంట్ల ఉండే నెమలి కాదు. ప్రపంచం చూడాలె” అన్నాడు. అక్క కరిగిపోయింది. నేను అడ్డం పడ్డాను. “అక్కా, ఆయన చేసిన సైట్లు సగం మందికి రావే.” “సగం మంది ఒచ్చినా చాలు గదరా,” అంది. ఆశ లెక్కలు అట్లాగే ఉంటాయి.

సైటు తయారైంది. అందులో నెమలి ఉంది, అక్క పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, నచ్చిన డిజైను కింద నొక్కితే బుకింగు అయ్యే బటనుంది. చెల్లెలి వరస కదా అని సార్ ఈ సైటుకి ప్రత్యేకంగా ఒక కొత్త కాపలా కూడా పెట్టాడు. ఎవరైనా దొంగ వచ్చి అదేపనిగా తలుపు కొడితే, ఆ కాపలా వాడిని గుర్తుపట్టి మళ్లీ రానివ్వదట. “జాకెట్లకు దొంగలెందుకు వస్తరు సార్?” అన్నాను. “రారు. అదే దాని గొప్పతనం,” అన్నాడు.

తర్వాత మొదలైంది. కూకట్‌పల్లిలో మా పెద్దమ్మ కూతురికి సైటు వచ్చింది. నల్గొండలో మా మేనత్తకు వచ్చింది. విశాఖపట్నంలో ఎవరో చూసి, ‘చాలా బాగున్నాయండీ, ఇక్కడికి పంపుతారా?’ అని రాశారు. రానిది ఒక్క మా కాలనీలోనే. ఏ ఆడవాళ్లు జాకెట్లు కుట్టించుకుంటారని అక్క ఆశ పెట్టుకుందో, సరిగ్గా వాళ్లకే రాలేదు. వాళ్ల ఫోన్లలో ఒక సున్నా తిరుగుతూ తిరుగుతూ ఉండిపోయేది. అక్క ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒక కొబ్బరి బోండాల బండి, ఒక ఇస్త్రీ డబ్బా. అంతకు మించి దూరం లేదు.

మొదటి ఫిర్యాదు పక్కింటి ఆంటీది. రాజమండ్రి మనిషి. కాలనీకి వచ్చి మాకంటే ఎక్కువ ఏళ్లయినా మాట మాత్రం గోదావరి ఒడ్డునే వదిలి రాలేదు. ఆమె ఫోను పట్టుకుని వచ్చేసరికి సార్ మా ఇంట్లోనే టీ తాగుతున్నాడు.

“ఏంటమ్మా ఇది, పొద్దున్నుంచీ గిర్రున తిరుగుతానే ఉంది. కళ్లు తిరుగుతున్నాయి నాకు.”

“ఆంటీ, కవరు తీసిండ్రా?”

“తీశాను బాబూ. స్క్రీన్ గార్డు కూడా ఊడొచ్చింది. విచిత్రం ఏంటంటే, ఇందాక కూరగాయల బండి దగ్గర నిలబడితే చక్కగా వచ్చింది. ఇంట్లోకి రాగానే పోయింది.”

ఏ మనిషైనా ఈ ముక్క దగ్గర ఆగుతాడు. బండి దగ్గర వచ్చి ఇంట్లో రాలేదంటే, ఇంట్లో ఏముంది, బండి దగ్గర ఏం లేదు అని అడుగుతాడు. సార్ కూడా ఆగాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు.

“మీ ఇంటి తలుపు ఏ దిక్కుకు ఉన్నది ఆంటీ?”

“దక్షిణం.”

“అదీ సంగతి. మీరు బండి దగ్గర్నే చూడండి.”

“రోజూ బెండకాయలు ఏరుకుంటా జాకెట్లు చూసుకోమంటావా నాయనా?” అని ఆంటీ ఫోను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. అక్క నా వైపు చూసింది. నేను సార్ వైపు చూశాను. సార్ తన ఫోను తీసి చెయ్యి పైకెత్తాడు. “మన దాంట్ల ఒస్తుంది గద!”

ఇట్లా చవితి వచ్చేసింది. అక్క మగ్గం మీద నెమలి పూర్తయింది, ఆర్డరు మాత్రం ఒక్కటీ లేదు. రోజూ పొద్దున ఫోను తీసి బుకింగు మెసేజీలు వచ్చాయేమో చూసి మళ్లీ బోర్లా పెట్టేది. మొదట్లో నాకు చూపించేది, తర్వాత చూపించడం మానేసింది. బావ ఏమీ అనలేదు. బావ ఏమీ అనకపోవడం మా ఇంట్లో చాలా పెద్ద మాట.

మా గల్లీ మొదట్లో వినాయకుడి మండపం. సాయంత్రం హారతి అయ్యాక కాలనీ మొత్తం అక్కడే ఉంటుంది. మైకు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. తప్పిపోయిన పిల్లలు, దొరికిన చెప్పులు, ప్రసాదం దాతలు, అడ్డంగా పెట్టిన బండి నంబరు, అన్నీ మైకులోనే. పూజ ఫోన్లలో లైవ్ పెట్టడానికి కమిటీ వాళ్లు పక్కింటి నుంచి వైఫై కూడా లాగారు. దాని పాస్‌వర్డ్ దేవుడి పేరే కాబట్టి అందరికీ తెలుసు.

ఒకరోజు హారతి అయ్యీ కాకముందే మైకులో సార్ గొంతు వినిపించింది. నేను పులిహోర ఆకుతో సహా గడ్డకట్టుకుపోయాను.

“కాలనీ అక్కచెల్లెండ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. మన చెల్లె జాకెట్ల వెబ్‌సైటు కొందరికి ఒస్తున్నది, కొందరికి ఒస్తలేదు. గీ ముచ్చట ఇయ్యాల దేవుని ముంగట తేలిపోవాలె. అందరు ఫోన్లు తీయండి.”

అందరూ తీశారు. మా కాలనీ మైకు మాట జవదాటదు.

“ఎవరి నెట్టు వాళ్లు వాడొద్దు. అందరు మండపం వైఫైకి రండి. ఒక్కటే నెట్టు మీద ఉంటేనే పరీక్ష న్యాయంగ ఉంటది. నేను ఒకటి, రెండు, మూడు అంట. మూడు అన్నంక అందరు ఒక్కసారే నొక్కాలె. ముందుగాల ఎవరు నొక్కొద్దు. ఏయ్ పిల్లలు, మీకే చెప్పేది!”

బాలాపూర్ లడ్డూ వేలంలో చివరి పాట అప్పుడు కూడా అంత నిశ్శబ్దం ఉండదేమో. అక్క ఒక స్తంభం పక్కన నిలబడి ఉంది. తలలో పూలు పెట్టుకుని వచ్చింది, పాపం.

“ఒకటి... రెండు... మూడు!”

నొక్కారు.

మండపంలో ఉన్న ప్రతి ఫోనులో సున్నా తిరిగింది. అంతకుముందు వచ్చినవాళ్లకీ రాలేదు, రానివాళ్లకీ రాలేదు. మొత్తానికి న్యాయం జరిగింది. కొందరికి రాని సైటును ఒక్క దెబ్బతో ఎవరికీ రాకుండా చేసిన ఘనత సార్‌ది.

“చూశిండ్రా!” అని మైకు గర్జించింది. “గింత మంది ఒక్కసారి ఒచ్చేసరికి తట్టుకోలేకపోయింది. గింత గిరాకి ఏ సైటుకుంటది?”

వెనకనుంచి ఎవరో, “అన్నా, మొదలు సైటు తెరువు, తర్వాత గిరాకి ముచ్చట” అన్నారు. జనం నవ్వారు. రాజమండ్రి ఆంటీ, “అందరం బండి దగ్గరికి పోదాం పదండి” అంది. ఇంకా నవ్వారు. నేనూ నవ్వేవాడినే, కానీ స్తంభం పక్కన చూస్తే అక్క లేదు.

ఇంటికి పోయి చూస్తే అక్క ఏడవడం లేదు. ఏడిస్తే ఏదో ఒకటి అనొచ్చు. బీరువాలోంచి షోరూము యూనిఫాం చీర తీసి దులుపుతోంది. ఆకుపచ్చ అంచు, బూడిద రంగు.

“ఏం చేస్తున్నవే?”

“ఇస్త్రీ చేసి పెట్టుకుంట. మేడంకు రేపు ఫోన్ చేస్త.”

“దసరా ఇంకా ఉన్నది గద.”

“కాలనీ అంత చూసిండ్రురా. నా ముచ్చట మైకుల ఒచ్చింది, సైటు రాలె. ఇంకేం ఉన్నది?”

బావ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. “ఇస్త్రీ రేపు చేసుకో, అన్నం పెట్టు” అన్నాడు. బావ దగ్గర ఓదార్పు అంటే అంతే ఉంటుంది.

పొద్దున్నే తలుపు చప్పుడు. వెనక గల్లీ ఆమె. నేను ఎప్పుడూ మాట్లాడింది లేదు.

“ఏందమ్మా గిది, మైకుల చెప్పిరి, నేను ఇంట్లనే నొక్కిన, నా ఫోనే కరాబైందనుకొని మా ఆయనతోని లొల్లి పెట్టుకున్న. ఏమున్నదమ్మా అసలు అండ్ల?”

గొడవకే వచ్చింది. అక్క సమాధానం చెప్పబోయేలోపు ఆమె కన్ను ముందుగదిలో మగ్గం మీద పడింది. నెమలి మీద పొద్దుటి ఎండ పడుతోంది. ఆమె గొడవ మధ్యలో ఆగిపోయింది.

“గిది నువ్వే కుట్టినవా?”

“నేనే అక్కా.”

“చేతితోనా?”

“చేతితోనే.”

ఆమె చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. తర్వాత ఆమె తోటికోడలు వచ్చింది. ఆ తర్వాత ‘సైటు ఎందుకు రాలేదో’ కనుక్కుందామని ఇంకో ఇద్దరు వచ్చారు. నిజానికి అందరూ తిట్టడానికో ఎగతాళికో వచ్చిన వాళ్లే. పేజీ వచ్చి ఉంటే మండపంలోనే వేలితో అటూ ఇటూ తోసి, ‘బాగుంది’ అని ఫోను మూసేవాళ్లు. రాలేదు కాబట్టి ఏముందో అని దురద పుట్టి నడిచి వచ్చారు. మధ్యాహ్నానికి ముందుగదిలో కూర్చోడానికి చాప చాలలేదు. రాజమండ్రి ఆంటీ ఒక పట్టుగుడ్డ తెచ్చి, “మా అమ్మాయి సీమంతానికమ్మా, నెమలి వద్దు, చిలకలు పెట్టు” అని బేరం మొదలుపెట్టింది. అక్క గొంతు ఆ రోజు వేరేగా ఉంది. మాటమాటకీ ఆమెను పేరుతో పిలుస్తున్నారు మరి. యూనిఫాం చీర కుర్చీ మీద మడత పెట్టినట్టే ఉంది. ఎవరో దాని మీదే కూర్చున్నారు.

ఇక సైటు సంగతి. నేను నా ఫోనులో వైఫై ఆపి చూశాను, వచ్చింది. పెట్టి చూశాను, పోయింది. కూరగాయల బండికి ఉన్న మహిమ అదే, అక్కడిదాకా ఇంటి వైఫై రాదు. సైటును తమ సర్వర్లో ఉంచే కంపెనీ వాళ్లకి రాస్తే అదే రోజు జవాబు వచ్చింది. ఒకే చిరునామా నుంచి ఎవరో ఆగకుండా మీ తలుపు కొడుతున్నారు, మీరు పెట్టుకున్న కాపలాయే వాళ్లని బయటికి నెట్టింది అని. మా కాలనీ మొత్తానికి ఒక్కటే కేబుల్ నెట్టు. అన్ని ఇళ్లూ ఒకే గేటులోంచి బయటికి పోతాయి, కాబట్టి బయటి నుంచి చూసేవాళ్లకి కాలనీ అంతా ఒకటే ఇల్లు. ఆ ఇంట్లో ఒక్కడు దొంగైతే అందరికీ తలుపు మూసుకుంటుంది. సిమ్ నెట్టు వేరే గేటు. సార్ చెయ్యెత్తి చూపించే ఫోనులో ఎప్పుడూ సిమ్ నెట్టే ఉండేది.

మరి మా కాలనీలో ఆ దొంగ ఎవరు?

ఈ సంగతి చెబుదామని సార్ ఇంటికి పోయాను. ఆయన లేడు, వాళ్ల ఆవిడ ఉంది. వంటింటి పక్కన స్టూలు మీద ఒక పాత కంప్యూటరు, దానికి పసుపు, కుంకుమ, ఒక మందారం. లైటు మిణుకుమిణుకుమంటోంది.

“ఇదేంది వదినా?”

“దాన్ని ముట్టకయ్యా. అది కాపలా అంట. పొద్దుమాపు మీ అక్క సైటు ఉన్నదా లేదా అని చూసుకుంటనే ఉంటదంట. చెల్లె సైటు అని దీనికి జర ఎక్కువ డ్యూటీ పెట్టిండట.”

అప్పుడు అర్థమైంది. సార్ సైటు దగ్గర ఒక కాపలా పెట్టాడు, ఇంట్లో ఇంకో కాపలా పెట్టాడు. ఇంటి కాపలా పోయి, ఉన్నావా, ఉన్నావా అని క్షణం తెరిపి లేకుండా తలుపు కొడుతోంది. సైటు కాపలా దాన్ని దొంగ అనుకుని మొత్తం కాలనీకి గడియ పెట్టింది. ఇద్దరూ డ్యూటీ బాగా చేస్తున్నారు. ఆ తర్వాత సైటు పోయిందని ఇంటి కాపలా కనిపెట్టి, ఇంకా గట్టిగా కొడుతోంది.

అంతలో సార్ వచ్చాడు, మెడలో కార్డు. మొత్తం విడమరచి చెప్పాను. ఎప్పటిలాగే మధ్యలో ఆపేస్తాడనుకున్నాను, కానీ చివరిదాకా విన్నాడు. ముఖం ఒక్క క్షణం చిన్నదైంది. ఆ ఒక్క క్షణం నాకు కూడా ఏదోలా అనిపించింది. తర్వాత ఆ ముఖం వెలిగింది.

“అంటే మన సెక్యూరిటీ పని చేస్తున్నట్టే గద తమ్మీ!”

“సార్, అది పట్టుకున్న దొంగ మీరే.”

“ఎవరైతేంది? పట్టుకున్నదా, లేదా?”

ఆవిడ అడిగింది, “గిది తీసేస్తే ఏమన్న ఐతదా అయ్యా?”

“ఏం కాదు వదినా.”

“ఏం కాదా?” అని ఆవిడ కంప్యూటరు ప్లగ్గు పీకి, అదే సాకెట్టులో మిక్సీ ప్లగ్గు పెట్టి, అల్లం వెల్లుల్లి తిప్పింది. సార్ ఆ చప్పుడులో ఏదో అన్నాడు, వినపడలేదు. సార్ మాటల్లో నాకు వినపడనిది అదొక్కటే.

మర్నాడు గడియ దానంతటదే ఊడింది. కాలనీలో అన్ని ఇళ్లల్లో సైటు తెరుచుకుంది. సార్ వచ్చి, తన సిమ్ నెట్టులో కాకుండా మొదటిసారి మా వైఫైలో చూసి, “మైకు పవర్ చూశినవా చెల్లె?” అన్నాడు. అక్క కాదనలేదు, టీ పెట్టింది. అప్పటికి మేడంకు ఫోన్ చేసేసింది, జాగ ఎవరికన్నా ఇచ్చుకోమని. బావ గోడౌను నుంచి ఒక ట్యూబులైటు తెచ్చి మగ్గం పైన బిగించాడు. ఏమీ అనలేదు. ఈసారి ఆ మౌనం బాగుంది.

సైటు ఇప్పటికీ ఉంది, అందరికీ తెరుచుకుంటుంది. మా కాలనీ నుంచి దాంట్లో ఇంతవరకూ ఒక్క బుకింగూ రాలేదు. జాకెట్టు కుట్టాలంటే కొలతకి పాత ఆది జాకెట్టు కావాలి. దాన్ని కవరులో పెట్టుకుని మనిషి రావాల్సిందే.